బోర్డు మార్చిన రోజు

కళ్లజోళ్ల షాపులో ఆమెకు నత్త అని పేరు. పెట్టింది ఎవరో కాదు, కన్నతండ్రే. ఒక జత అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడానికి ఆయనకు ఒక పూట చాలు, కూతురికి రోజంతా పట్టేది. "మా నత్త చేతిలో పడింది, రేపు రండి" అని వచ్చినవాళ్లతో నవ్వుతూ చెప్పేవాడు. విని విని వీధి వీధంతా అదే పిలుపు పట్టుకుంది. ముప్పై ఆరేళ్ల మనిషిని కూరగాయలమ్మే అతను కూడా నత్తమ్మగారూ అనే పిలిచేవాడు. ఆమె పలికేది. పలక్క చేసేదేముంది? ఎందుకు ఆలస్యమవుతోందో చెబితే తండ్రి పరువు పోతుంది, చెప్పకపోతే తన పరువు పోతుంది. మూడేళ్లుగా ఆమె తన పరువునే పోనిస్తూ వచ్చింది.

అసలు సంగతేమిటంటే, రోజులో సగం ఆమె తన పని చేసుకునేది. మిగతా సగం తండ్రి చేసిన పనిని చాటుగా మళ్లీ చేసేది.

తండ్రిని అందరూ అద్దాల మేస్త్రి అనేవారు. షాపు రెండు గదులు. ముందు గదిలో ఫ్రేముల బీరువా, ఎత్తు స్టూలు, ఎదురు గోడకు అక్షరాల బోర్డు. పైన పెద్ద అక్షరం ఒక్కటి, కిందికి పోయేకొద్దీ చిన్నవై, ఆఖరి వరసలో చీమ తలకాయంత. వెనక గదిలో సాన చక్రం, దాని మీద బొట్టు బొట్టుగా పడే నీళ్లు, ఎప్పుడూ తడిరాయి వాసన. మూలన గుడ్డ కప్పిన యంత్రం ఒకటి ఉంది, అద్దం పవరు కొలిచేది. మేస్త్రి దాన్ని కొన్నాడే గానీ ముట్టుకోలేదు. ఆయన అద్దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కిటికీ కేసి ఎత్తి, అందులోంచి ఇనప ఊచను చూసేవాడు. అద్దాన్ని తిప్పుతుంటే ఊచ వంగినట్టు కనిపిస్తుంది. ఎంత వంగిందో చూసి కోణం చెప్పేసేవాడు. యంత్రం పాడవుతుంది గానీ ఊచ పాడవుతుందా అనేవాడు. ఒకప్పుడు ఆ మాట అనడానికి ఆయనకు హక్కు ఉండేది.

కొందరి కళ్లకు అద్దంలో పవరు ఒక్క వాలులోనే ఉండాలి. ఆ వాలు కాస్త తప్పితే చాలు, పెట్టుకున్న మనిషికి నేల ఒరిగిపోతుంది, మెట్టు ఉన్నచోట ఉండదు. మూడేళ్ల కిందట బడి టీచరమ్మ కొత్త జోడు పెట్టుకుని షాపు మెట్ల మీదే తూలింది. నత్త ఒక్క అంగలో వెళ్లి పట్టుకుంది. "స్క్రూ వదులైందండీ, ఒక్క నిమిషం" అని జోడు లాక్కుని వెనక గదిలోకి పోయి, యంత్రం మీది గుడ్డ తీసి చూసింది. వాలు పూర్తిగా అడ్డం తిరిగి ఉంది. నేర్చుకునే రోజుల్లో ఆమె కూడా అంత తప్పు ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ రోజు కొత్త అద్దాలు చేసి పెట్టింది. తండ్రికి చెప్పలేదు. ఆ తరవాత ఆయన చేతిలోంచి వచ్చిన ప్రతి జోడూ ఆయన భోజనానికి వెళ్లినప్పుడు యంత్రం కింద పెట్టి చూసేది. మొదట నెలకు ఒకటి తప్పుండేది, తరవాత వారానికి ఒకటి, ఈమధ్య రోజుకు రెండు. అన్నీ మళ్లీ చేసి అవే కవర్లలో పెట్టేసేది. వయసు మీద పడేకొద్దీ మేస్త్రి చెయ్యి పదునెక్కుతోందని జనం మెచ్చుకునేవారు. ఆయన మీసం దువ్వుకుని, "చూసి నేర్చుకో, నత్తా" అనేవాడు. ఆమె సరే నాన్నా అనేది. ఆ సరే అన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది, ఆ మంట మీద తనకే సిగ్గేసేది.

తండ్రికి చెయ్యి వణుకు మొదలైందనే ఆమె అనుకుంది. కళ్ల మీద అనుమానం నిలవలేదు. ఎందుకు నిలవలేదంటే, దానికొక కారణముంది. షాపు తెరిచిన తేదీ ఏటా తిరిగొచ్చినప్పుడు మేస్త్రి అందరికంటే ముందు తన కళ్లే పరీక్ష చేసుకునేవాడు. పాత గిరాకీలు నలుగురైదుగురు వచ్చేవారు. ఆయన బోర్డుకు ఎదురుగా నేల మీద గీసిన గీత మీద నిలబడి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, బోర్డు పైనించి కింది దాకా చదివేవాడు. తరవాత కుడి కన్ను మూసుకుని మళ్లీ. ఆఖరి అక్షరం అవగానే "ఇంకో ఏడాది" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. కిందటేడు కూడా ఒక్క అక్షరం తప్పలేదు. నత్త ధైర్యం చేసి డాక్టరు మాట ఎత్తితే ఆయన నవ్వాడు. "చదివాను కదే. నువ్వూ విన్నావు కదా." విన్నది నిజమే.

మేనత్త ఒకావిడ ఇంట్లో ఉండేది, మేస్త్రికి అక్క. తల్లి పోయాక నత్తను పెంచింది ఆవిడే. నోరు కత్తి, మనసు వెన్న అంటారు చూడండి, ఆవిడ అలా కాదు. నోరూ కత్తే, మనసూ కాస్త గట్టిదే. పెళ్లి మాట వచ్చినప్పుడు షాపు ఎవరు చూస్తారంది. చదువు మాట వచ్చినప్పుడూ అదే అంది. నత్త రోజూ తెల్లవారి ఒక గంటసేపు బయటికి పోతుంటే మాత్రం ఏమీ అనలేదు. నడకకు పోతోంది, మంచిదే, మోకాళ్లు పట్టెయ్యకుండా ఉంటాయని అనుకుంది.

నడక లేదు, పాడూ లేదు. నత్త డ్రైవింగు నేర్చుకుంటోంది. మొదట కారు, తరవాత లారీ, ఆ తరవాత నేర్పే మాస్టారు ఎక్కణ్ణుంచో సంపాదించిన డొక్కు బస్సు. ఎందుకని అడిగితే ఆమె సరిగ్గా చెప్పలేదు. ఒకసారి అద్దాల సరుకు కోసం బస్సులో పోతూ డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది, అంతే. పుట్టి బుద్ధెరిగాక ఆమె చూసిందంతా బొటనవేలంత మేర. అందులోనే గీత, అందులోనే తప్పు. డ్రైవరు ముందున్న ఆ పెద్ద అద్దంలోంచి రోడ్డు రోడ్డంతా ఒక్కసారి మీదికి వచ్చింది. ఆమెకు ఊపిరాడింది. నాకు ఇది కావాలి అనుకుంది. ఇంతకుముందు ఏ వస్తువు గురించీ, ఏ మనిషి గురించీ అలా అనుకున్న జ్ఞాపకం లేదు.

డిపోలో ఆడ డ్రైవర్లను తీసుకుంటున్నారని మాస్టారు చెబితే అర్జీ పెట్టింది. బండి పరీక్షలో నెగ్గింది. ఆఖరున కళ్ల పరీక్ష. డిపో డాక్టరమ్మ బోర్డు చూపించి చదవమంది. నత్త గడగడా చదివేసింది. డాక్టరమ్మ లేచి బోర్డును వెనక్కి తిప్పింది. అవతలి వైపు వేరే అక్షరాలు.

"ఇది కూడా చదవండి. ఏమీ అనుకోకండి, కొందరు మొదటిది బట్టీ పట్టి వస్తారు. చూపు లేకపోయినా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు."

నత్త బోర్డు కేసే చూస్తూ నిలబడిపోయింది. చదవలేకపోతోందేమోనని డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ ఆమెకు కనిపిస్తున్నది గీత మీద నిలబడ్డ తండ్రి, ముప్పై ఏళ్లుగా అదే గోడ మీద, అదే బోర్డు. వచ్చినవాళ్లు వల్లించగా రోజుకు పదిసార్లు విన్న బోర్డు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆయన చదవడం మానేసి ఎన్నేళ్లయిందో!

ఇంటికి వస్తుంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. అన్నీ అబద్ధాలే రాస్తున్నారని పేపరు మానిపించాడు. పక్క షాపు పేపరు తెప్పించి పోయినవాళ్ల కబుర్లు మాత్రం అక్కచేత చదివించుకుంటాడు. ఎదురుగా వచ్చినవాళ్లను వాళ్లు మాట్లాడేదాకా పలకరించడు. దాన్ని అందరూ పెద్దరికం అనుకున్నారు. షుగరు ఉందని ఎప్పుడో చెబితే చాయ్‌లో పంచదార మానేసి, జబ్బు మానేసినంత గర్వంగా తిరిగాడు. కళ్లజోళ్లు చేసే ఇంట్లో, పొద్దున లేస్తే చూపు గురించి తప్ప మాట లేని ఇంట్లో, ఇద్దరు మనుషులు ఒక అట్టముక్కను నమ్ముకుని కూర్చున్నారు.

వారం తిరక్కుండా డిపో నుంచి కాగితం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి, చేరకపోతే ఆ చోటు వెనకున్నవాళ్లకు పోతుంది. షాపు తేదీకి ఇంకా పది రోజులు, ఒకటో తారీఖుకు పదిహేను. ఆమె ముందు మూడు దార్లున్నాయి. ఏమీ ఎరగనట్టు డిపోలో చేరిపోవచ్చు. అప్పుడు జనమే వచ్చి తండ్రి ముఖాన జోళ్లు విసురుతారు. కాగితం చింపేసి షాపులోనే ఉండిపోవచ్చు. అప్పుడు ఆయన చీకట్లోకి నడుస్తాడు, తను చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. లేదా చెప్పాలి. మామూలుగా చెబితే ఆయన వినడు, బోర్డు చదివి వినిపిస్తాడు.

తేదీకి ముందురోజు ఆమె బోర్డు దించి, కింది ఆరు వరసల మీదా తెల్ల కాగితం అంటించి, స్కేలు పెట్టి కొలిచి, నల్ల సిరాతో అక్షరాలు రాసింది. పై రెండు వరసలు అలాగే ఉంచింది. అంత సన్నగా, అంత నిలువుగా రాయడం ఎవరి తరమూ కాదు, ఆయన నేర్పిన చెయ్యి కాబట్టి వచ్చింది. షాపు తెరవకముందే, ఎవరూ లేకుండా, ఒక్క మేనత్త ఎదుట చదివించాలని అనుకుంది. ఆయన ఏడవాలనుకుంటే ఏడవడానికి వెనక గది ఉంటుంది.

అనుకున్నట్టు జరిగితే ఇంక కథేముంది? ఆ పొద్దున మేస్త్రి చొక్కా ఇస్త్రీ చేయించుకుని, అక్కను వెంటబెట్టుకుని అరగంట ముందే వచ్చేశాడు. ఆమె ఆపేలోగా షట్టరు పైకి లేపేశాడు. టీచరమ్మ వచ్చింది, పక్క మందుల షాపాయన వచ్చాడు, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు. కాగితం పీకెయ్యడానికి ఇంకా టైముంది. రెండడుగులు వేసి, తుడుస్తున్నట్టు గుడ్డ అడ్డం పెట్టి, గోటితో అంచు పట్టి లాగితే చాలు. వచ్చే ఏడాది చూసుకోవచ్చు. రెండడుగులూ వేసింది. బోర్డు ముందు నిలబడింది. గోరు అంచు మీద పెట్టింది. వచ్చే ఏడాది అనుకోగానే తండ్రి ఏటా అనే ఇంకో ఏడాది గుర్తొచ్చి చెయ్యి తీసేసి పక్కకు వచ్చింది.

మేస్త్రి గీత మీద నిలబడ్డాడు. ఎడమ కన్ను మూసుకున్నాడు. మొదటి వరస, రెండో వరస. మూడో వరస దగ్గర టీచరమ్మ తల ఎత్తి బోర్డు కేసి చూసింది. ఆయన గొంతులో తడబాటు లేదు. నాలుగు, అయిదు, ఆరు. చిన్న అక్షరాల దగ్గర కాస్త ముందుకు వంగి, కళ్లు చికిలించి, వెతుక్కుంటున్నట్టు కూడా చేశాడు. చదువుతున్నాననే అనుకున్నాడో, అప్పజెబుతున్నానని తెలుసో, అది ఆయనకే తెలియాలి. గోడ మీద లేని అక్షరాలన్నీ ఒక్కటి తప్పకుండా చెప్పి, రెండో కన్నుతో కూడా చెప్పి, "ఇంకో ఏడాది" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మందుల షాపాయన నేల చూపులు చూశాడు.

"ఏం, ఈసారి చప్పట్లు లేవేం?"

"నాన్నా," అంది నత్త. "నిన్న బోర్డు మార్చాను. నువ్వు చెప్పినవి దాని మీద లేవు."

ఆయన నవ్వబోయాడు. తరవాత అక్కా అని పిలిచాడు. మేనత్త ఏమీ అనలేదు. ఆవిడ నోట మాట లేకపోవడం ఆయన పుట్టాక ఎన్నడూ చూసి ఉండడు. అప్పుడు ఆయన బోర్డు దగ్గరికి నడిచి, ముఖం ఆనించి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా చూశాడు. వేలితో తడిమాడు. జిగురు అంచు వేలికి తగిలింది. వచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు, చెప్పుల చప్పుడు కూడా కాకుండా దిగిపోయారు. టీచరమ్మ ఒక్కతే వెళ్తూ నత్త భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎందుకో నత్తకు చాలా బరువుగా అనిపించింది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు రెండు కళ్లలోకీ లైటు వేసి చూసి చాలాసేపు రాసుకున్నాడు. షుగరు వల్ల కంటి వెనక పొర చెడింది. ఉన్న కాస్తా నిలబెట్టడానికి సూదులు వేస్తామన్నాడు. పోయింది రాదన్నాడు. రెండేళ్ల కిందట వచ్చి ఉంటే చాలావరకు కాపాడేవాళ్లం, ఇంతవరకూ పనిలో తేడా ఏమీ తెలియలేదా, ఎవరూ ఏమీ అనలేదా అని అడిగాడు. మేస్త్రి లేదన్నాడు. పక్కన నత్త చేతిసంచి పట్టీ మెలితిప్పుతూ కూర్చుంది.

ఇంటికి వచ్చాక ఆమె మొత్తం చెప్పేసింది, మెట్ల మీద తూలిన టీచరమ్మ దగ్గర్నుంచి. ఆయన అడ్డు తగలకుండా విన్నాడు. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండేది.

"మూడేళ్లు," అన్నాడు. "ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, నేను చేసిన జోడు తెచ్చి నా ముఖాన కొట్టి ఉంటే, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఎవరూ రాలేదు. నువ్వు రానివ్వలేదు. నా పరువు కాపాడి నా కళ్లు తీశావు."

అది అన్యాయమని మీరూ నేనూ అనుకోవచ్చు. ముప్పై ఏళ్లు అందరి కళ్లూ చూసినవాడు తన కళ్లు ఒక్కసారి ఇంకొకరికి చూపించుకోలేదేమని అడగొచ్చు. నత్త అడగలేదు. ఆ మాటలో సగం నిజమని ఆమెకు తెలుసు. మిగతా సగం నిజం కాదని తెలిసినా, సగం చాలు ఒక మనిషి నిద్ర పాడు చెయ్యడానికి.

ఒకటో తారీఖు ముందురోజు మర్నాటికి బట్టలు తీసి పెట్టుకుంటుంటే మేనత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ చేతిలో డిపో కాగితం ఉంది.

"ఇప్పుడు పోతే లోకం ఏమంటుందే? కళ్లు పొడిచి పారిపోయిందంటుంది. వాడికి ఇప్పుడు కదా నీతో పని."

"అననీ అత్తయ్యా."

"షాపు?"

"మూయండి. నేనుంటే మళ్లీ అదే చేస్తాను. ఆయన చేశాడని చెప్పుకుంటూ నేనే చేస్తాను. ఉండి నేను చేసిన మేలు చూశాం కదా. సూదుల రోజున సెలవు పెట్టి తీసుకెళ్తాను. వంట నీతో పాటు చేస్తాను. ఇల్లు వదిలి పోవట్లేదు. ఆ వెనక గదిలోకి మాత్రం ఇంక పోను."

చెబుతున్నంతసేపూ ఆమె గొంతు వణుకుతూనే ఉంది. ధైర్యవంతుల గొంతు వణకదని ఎవరు చెప్పారో గానీ వాళ్లు ధైర్యం చేసి ఎరగరు. మేనత్త కాగితాన్ని మంచం మీద పడేసి వెళ్లిపోయింది. పక్క గదిలో తండ్రి వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

రెండు నెలలు శిక్షణ, తరవాత పన్నెండో నంబరు బస్సు. ఖాకీ చొక్కా వేసుకున్న మొదటి రోజు చేతులకు చెమట పట్టి స్టీరింగు జారింది, ఒక మలుపులో గోడ గీసుకుంది, అందరి ముందూ మాటలు పడింది. నెల తిరిగేసరికి కుదుటపడింది. డిపోలో ఆమెను ఎవరూ నత్త అనరు. టైము తప్పని డ్రైవరని పేరు. పన్నెండో నంబరు ఆ వీధిలోంచే, మూసిన షట్టరు ముందునుంచే పోతుంది. ఎత్తు స్టూలు బయట వేసుకుని మేస్త్రి అక్కడే కూర్చునేవాడు. టీచరమ్మ కొత్త జోడు వేరే షాపులో చేయించుకుంది. పలకరించేవాళ్లు తగ్గారు.

ఇంట్లో ఆయన కూతురితో మాట్లాడడం మానేశాడు. ఆమె వడ్డిస్తే తినడు. సూదుల రోజున ఆమె సెలవు పెట్టి సిద్ధమైతే అక్క చెయ్యి పట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆమె వెనకాల పది అడుగుల దూరంలో నడిచేది. ఇలా ఎనిమిది నెలలు. బస్సెక్కి కూర్చున్న ఎనిమిది గంటలూ ఆమెకు బతికినట్టుండేది. దిగాక ఆ బతుకు మీదే తప్పు చేసినట్టుండేది. రెండూ రోజూ ఉండేవి, ఒకటి రెండోదాన్ని చెరపలేదు.

ఒకరోజు మేనత్తకు జ్వరం. ఆ రోజే సూది ఉందని మేస్త్రికి తప్ప ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం నత్త బస్సు షాపు ముందు స్టాపులో ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. వాళ్ల మధ్య మేస్త్రి, చేతికర్రతో, ఒక్కడే. తల ఎత్తి బస్సు నెత్తి మీది నంబరు కేసి చూశాడు. అది చెయ్యంత నంబరు. చూసి, ఇంకాస్త చూసి, తల దించుకున్నాడు. ఆ తరవాత, ఆ వీధిలో ముప్పై ఏళ్లు అందరికీ చూపు అమ్మిన మనిషి, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా, గాల్లోకి అడిగాడు.

"ఇది ఏ నంబరు బస్సండీ?"

ఎక్కేవాళ్లెవరూ పట్టించుకోలేదు. ఆమెకు సూది గుర్తొచ్చి, సీట్లోంచే తలుపు కేసి వంగింది.

"పన్నెండు, నాన్నా. ఆసుపత్రి మీదుగానే పోతుంది."

ఆయన కర్ర నేల మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి స్టూలు దగ్గరికి పోతాడనే అనుకుంది. కండక్టరు చెయ్యి అందించాడు. ఆయన ఆ చెయ్యి విదిలించి, తలుపు ఊచ తడిమి పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ ఎక్కాడు. ఎవరో లేచి డ్రైవరు వెనక సీటు ఇచ్చారు. కూర్చుని కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదల్లేదు. ఆమె పైనున్న అద్దంలో ఆయన ముఖాన్నే చూస్తోంది. ఎనిమిది నెలల్లో ఎంత చిన్నదైపోయింది ఆ ముఖం! మళ్లీ గంట కొట్టారు. వెనకనుంచి ఎవరో గొణిగారు. కదలని బండి ఎందుకు కదలడం లేదో ఆయనకు అర్థమైంది.

"నన్ను చూడకు," అన్నాడు. "రోడ్డు చూడు."

ఆమె గేరు వేసింది. ఆసుపత్రి దాకా ఆయన ఇంకొక్క మాట మాట్లాడలేదు. ఆమె ఇంకొక్కసారి అద్దంలోకి చూడలేదు.